హాబీ క్లాసుకు కట్టింది డబ్బు కాదా?

ప్రశ్న: మేడమ్, నాకు 56 ఏళ్లు, తిరుపతిలో ఉంటాను. మా అబ్బాయి కాపురం జర్మనీలో, కోడలిది ఆ దేశమే. మనవరాలికి తెలుగు రెండు ముక్కలకు మించి రాదు. దానితో నాలుగు మాటలు మాట్లాడాలని ఇంటి దగ్గర ఇన్‌స్టిట్యూట్‌లో ఆరు నెలల జర్మన్ కోర్సుకు 18,000 రూపాయలు ఒకేసారి కట్టాను. ఐదు వారాలకే టీచర్ మానేసింది. ఇప్పుడు టీవీలో వీడియోలు పెట్టి కూర్చోబెడుతున్నారు. డబ్బు తిరిగి ఇమ్మంటే రసీదు కింద రాసింది చూపించారు. ఇది హాబీ కోర్సు, దీనికి గవర్నమెంట్ రూల్సేం లేవన్నారు. నిజమేనా?

జవాబు: సగమే నిజమమ్మా. మీరు పంపిన రసీదు ఫొటో చూశాను, రబ్బరు స్టాంపు కింద చీమ తలంత అక్షరాల్లో 'ఒకసారి కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు' అని ఉంది. ఆ ఒక్క లైనుతో మీ నోరు మూయించారు. కానీ చెబుతామన్న పాఠం చెప్పనప్పుడు ఆ లైను వాళ్లను కాపాడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టానికి మీరు నేర్చుకునేది ఉద్యోగానికా, మనవరాలి కోసమా అన్నది అనవసరం, డబ్బు తీసుకుని సేవ సరిగా ఇచ్చారా లేదా అన్నదే చూస్తుంది. కాలేజీ చదువులు ఈ చట్టం కిందికి రావన్న జాతీయ వినియోగదారుల కమిషన్ కూడా, 2020లో అదే తీర్పులో, కోచింగ్ సెంటర్లు మాత్రం వస్తాయని చెప్పింది. నేనైతే ఆ మాటే పట్టుకుంటాను.

కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలిచ్చింది. మధ్యలో మానేస్తే మిగిలిన రోజుల ఫీజు 10 రోజుల్లో తిరిగివ్వాలని అందులో ఉంది. అయితే అవి 50 మందికి మించి విద్యార్థులున్న చోట్లకే, పైగా అమలు చేయాల్సింది రాష్ట్రాలు. మీ క్లాసులాంటి చిన్నవి జారిపోయేది ఇక్కడే, నాకు కోపమొచ్చేదీ ఇక్కడే. అలాగని భాష నేర్పే ప్రతివాళ్లకీ లైసెన్స్ పెట్టాలని నేననను. మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు సాయంత్రాలు వరండాలో నలుగురికి తమిళం చెబుతారు, నెలకింతని తీసుకుంటారు, రాని నెల అడగరు. ఆయన్ని ఆఫీసుల చుట్టూ తిప్పితే చెప్పడమే మానేస్తారు. పాఠం జోలికి పోకుండా, ముందే వసూలు చేసే ఫీజు మీద గట్టి రూలు పెట్టాలి: నెల నెలా కట్టించుకోవాలి, టీచర్ వెళ్లిపోతే మిగిలింది వాపసివ్వాలి.

మీ లెక్కకొస్తే, నెలకు 3,000 చొప్పున ఐదు వారాలకు 3,500 దాకా పోతుంది, 14,500 మీకు రావాలి. ఆ అంకె వేసి, 15 రోజుల గడువిచ్చి, చేరినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయండి. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, కట్టింది 5 లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్ల గడువు ఉంది గానీ అంతదాకా ఆగొద్దు. టీచర్ మానేసిందని గ్రూపులో పెట్టిన వాట్సాప్ మెసేజ్‌ని ఈ రాత్రే స్క్రీన్‌షాట్ తీసుకోండి, రేపు డిలీట్ చేసేయొచ్చు. రసీదు ఒరిజినల్ మాత్రం ఎవరడిగినా చేతికివ్వకండి.