ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నేర్చుకుంటే పనికొస్తుందా?

ప్రశ్న: నేను చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని. మా అమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఒంగోలులో ఒక శిక్షణ సంస్థ వాళ్లు కోడింగ్ కోర్సుకు పాతిక వేలు అడుగుతున్నారు. ఉచిత సాఫ్ట్‌వేర్లతో ఇంట్లోనే నేర్పవచ్చని మా బంధువుల అబ్బాయి అంటున్నాడు. డబ్బు పెట్టకుండా వచ్చేదాంట్లో పస ఉంటుందా? ఇంట్లో ఉన్నది విండోస్ 10తో నడిచే పాత కంప్యూటర్.

జవాబు: పాతిక వేలు ఇప్పుడే కట్టకండి. మీ బంధువుల అబ్బాయి చెప్పింది సబబుగానే ఉంది.

అతను చెబుతున్నవి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు. ప్రోగ్రామ్ ఎలా రాశారో ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు అని లైసెన్సులోనే రాసి ఇస్తారు. నాసిరకం కాబట్టి ఊరికే ఇస్తున్నారని అనుకోనక్కరలేదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టిన, విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపించే లినక్సే ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్లన్నింటికీ ఆధారం. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్లుగా దాని మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు, అంటే భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంతమాత్రాన కంప్యూటర్‌ను పాతసామాన్ల వాడికి వేయకండి. 4 జీబీ ర్యామ్ ఉంటే లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్, అందులోనూ పాత కంప్యూటర్లకు తేలికగా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పు, హాయిగా నడుస్తుంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు, ఉన్న విండోస్ చెక్కుచెదరదు. నచ్చితే అప్పుడు ఎక్కించుకోవచ్చు.

ఇక ఏం నేర్పాలంటారా? వెతకనక్కరలేదు, మీ యూనిట్‌లోనే ఉంది. మింట్‌తో పాటే లిబ్రే ఆఫీస్ అనే ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ వస్తుంది. అందులో ఎక్సెల్ లాంటి కాల్క్‌లో ఒక రోజు పలకల కొలతలు అమ్మాయి చేత ఎక్కించండి: ఒక గడిలో పొడవు, పక్క గడిలో వెడల్పు, రెండూ అంగుళాల్లో. మూడో గడిలో ఆ రెండింటినీ గుణించి 144తో భాగించే సూత్రం రాయమనండి. 144 ఎందుకో మీరు చెప్పవద్దు, తననే తేల్చుకోనివ్వండి. 108 అంగుళాల పొడవు, 66 అంగుళాల వెడల్పు ఉన్న పలక 49.5 చదరపు అడుగులని వస్తుంది. ఎప్పుడో ఒకసారి 66 బదులు 660 కొడుతుంది, 495 చదరపు అడుగుల పలక తయారవుతుంది! అప్పుడు, వంద దాటితే గడి ఎర్రబడేలా చేయవచ్చా అని అడగండి. చేయవచ్చు. దారి వెతికి అది చేసిందంటే, తప్పు జరిగే చోటును ముందే ఊహించి కాపలా పెట్టడం వచ్చినట్టే. ప్రోగ్రామింగ్‌లో సగం పని అదే. కోర్సుల ప్రకటనల్లో ఈ ముక్క ఎక్కడా కనిపించదు.

అది చేయి తిరిగాక అదే లెక్కను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయమనండి. అందుకు థానీ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో కొత్తగా నేర్చుకునేవారి కోసమే తయారైంది. ప్రోగ్రామ్‌ను ఒక్కో అడుగే నడిపిస్తూ, పొడవు, వెడల్పు లాంటి ఏ పేరులో ఆ క్షణాన ఏ అంకె ఉందో చూపిస్తుంది. పాఠాలకు ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ చూడండి. తెలుగులోనూ ఉన్నాయి, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. వీడియో ఆపి, చెప్పిన పని చేసి, మళ్లీ ముందుకు వెళ్లాలి. ఊరికే చూస్తూ కూర్చుంటే ఏమీ రాదు.

దీనితో ఉద్యోగం వస్తుందా అని అడుగుతారని తెలుసు. ఎనిమిదో తరగతిలో ఏ సర్టిఫికెట్టూ ఉద్యోగం ఇవ్వదు, పాతిక వేల సర్టిఫికెట్ అయినా అంతే. పది తరువాత మీకు దగ్గరలో ఉన్న మంచి దారి ఆర్జీయూకేటీ, అదే మనం ట్రిపుల్ ఐటీ అనేది. ఒంగోలు పేరుతోనూ ఒక క్యాంపస్ ఉంది, ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ బీటెక్. అక్కడ సీటు పదో తరగతి మార్కులను బట్టి ఇస్తారు, కోడింగ్ చూసి కాదు. కాబట్టి కంప్యూటర్‌కు రోజుకు ముప్పావు గంట చాలు. తొమ్మిదో తరగతి అయ్యేసరికి సొంతంగా రాసిన చిన్న ప్రోగ్రాములు నాలుగైదు చేతిలో ఉంటే, అప్పుడు శిక్షణ అవసరమా అన్నది తనే చెప్పగలదు.

మింట్ ఎక్కించే ముందు పాత ఫొటోలు, కాగితాల స్కాన్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. కంప్యూటర్ మరీ నెమ్మదిగా ఉంటే, ఫీజుకని దాచిన డబ్బులో కొంచెం తీసి హార్డ్ డిస్క్ బదులు, దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించండి.