మాటల పుట్టుక: ‘పౌండ్’ ఒకటా, మూడా?

ప్రశ్న: ‘పౌండ్’ అంటే బరువు, డబ్బు, దంచడం, పశువుల దొడ్డి అని నిఘంటువులో ఉంది. ఒకే మాటకు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి?

జవాబు: అది ఒక మాట కాదు, మూడు. పుట్టుక వేరైనా రూపం కలిసిపోయింది. తెలుగులో ఆరు అనే అంకెకూ, దీపం ఆరడానికీ చుట్టరికం లేదు కదా, ఇదీ అంతే. మంచి ఇంగ్లిష్ నిఘంటువులు ఇలాంటి మాటలకు 1, 2, 3 అని అంకెలు వేసి విడివిడిగా ఇస్తాయి. అంకె మారిందంటే వంశం మారినట్టే. చాలామంది ఈ అంకెను పట్టించుకోకుండా అర్థాలన్నిటినీ కలిపి చదివేస్తారు, చిక్కంతా అక్కడే వస్తుంది.

బరువు, డబ్బు మాత్రం ఒకే వంశం. లాటిన్‌లో ‘పోండో’ అంటే ‘తూకంలో’ అని. ఇంగ్లిష్, జర్మన్‌ల పూర్వరూపాలైన జర్మానిక్ భాషలవాళ్లు ఇంగ్లండు చేరకముందే దీన్ని అరువు తెచ్చుకున్నారు. జర్మన్‌లో ఇప్పటికీ ‘ప్ఫుండ్’ ఉంది. ఒక పౌండు వెండికి 240 పెన్నీలు అనే లెక్క నుంచి తూకం పేరే డబ్బు పేరైంది. ‘పోండో’ వెనక ఉన్న క్రియకు వేలాడదీయడం, తూచడం అని అర్థాలు. వేలాడేది పెండెంట్, తూచి చెల్లించేది పెన్షన్. ‘పాండర్’ అంటే మనసులో తూచుకోవడం. మనమూ ‘తూచి మాట్లాడు’ అంటాం! రెండు భాషలకూ ఒకే ఊహ తట్టడం ఎంత అందంగా ఉందో చూడండి.

దంచడం అనే పౌండ్ ప్రాచీన ఇంగ్లిష్ ‘పూనియన్’ నుంచి వచ్చింది. అందులో ‘డ’ లేదు, ‘న’ పక్కన తర్వాత చేరింది. ‘సౌండ్’ చివరి ‘డ’ కూడా అలా అతుక్కున్నదే.

మూడోది బందెలదొడ్డి. ‘ఇంపౌండ్’ దీని నుంచే పుట్టింది. ‘వాహనాన్ని ఇంపౌండ్ చేశారు’ అన్నప్పుడు డబ్బు గుర్తొచ్చి ‘జరిమానా వేశారు’ అని అనువదిస్తే తప్పు. పట్టుకుపోయి తమ అధీనంలో ఉంచుకున్నారని అర్థం. కుంట అనే ‘పాండ్’ కూడా ఈ మాటకే మారు రూపం, నీటిని కట్ట వేసి బంధించారు కాబట్టి.

ప్రశ్న: పలికేది పౌండ్ అయితే ‘ఎల్‌బీ’ అని ఎందుకు రాస్తారు?

జవాబు: రోమన్లు పూర్తిగా ‘లిబ్రా పోండో’ అనేవారు. పలుకుబడిలో రెండో మాట నిలిచింది, రాతలో మొదటిది. లిబ్రా అంటే త్రాసు, తులారాశి పేరూ అదే. పౌండు డబ్బు గుర్తు కూడా లిబ్రాలోని ‘ఎల్’ మీద అడ్డగీత గీసిందే. బ్రిటన్‌లో 1971 ఫిబ్రవరి 15 వరకు పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. పాత పుస్తకాల్లో ధర పక్కన ‘డి’ కనిపిస్తే డాలర్ అనుకోకండి. రోమన్ నాణెం డెనారియస్ పేరుతో పెన్నీకి వేసిన పొడి అక్షరం అది.

ప్రశ్న: బంగారానికి పౌండు వేరే ఉంటుందా?

జవాబు: ఉండేది. మామూలు పౌండుకు 16 ఔన్సులు, 453.59237 గ్రాములు. బంగారం తూచిన ట్రాయ్ పౌండుకు 12 ఔన్సులే, సుమారు 373.24 గ్రాములు. కానీ ట్రాయ్ ఔన్సు 31.10 గ్రాములు, మామూలు ఔన్సు 28.35. కాబట్టి ఔన్సు దూది కన్నా ఔన్సు బంగారం బరువు, పౌండు దూది కన్నా పౌండు బంగారం తేలిక! ట్రాయ్ పౌండు వాడుక పోయి ఔన్సు మిగిలింది. బంగారం ఔన్సును 28.35తో గుణిస్తే లెక్క దాదాపు 9 శాతం తగ్గిపోతుంది.

మామూలు పౌండ్లను కిలోల్లోకి నోటిలెక్కగా మార్చాలంటే సగం చేసి, వచ్చినదాంట్లో పదోవంతు తీసేయండి. 150 పౌండ్లకు 75, అందులో 7.5 పోతే 67.5. అసలు లెక్క 68.04.

ప్రశ్న: అమెరికా ఫోన్లలో ‘ప్రెస్ పౌండ్’ అంటే ఏ మీట?

జవాబు: రెండు నిలువు గీతలు, రెండు అడ్డ గీతలున్న హ్యాష్ మీట. అక్కడ అంకె తర్వాత ఈ గుర్తు వేస్తే అన్ని పౌండ్ల బరువు అని. బ్రిటన్‌లో మాత్రం పౌండ్ గుర్తు అంటే డబ్బు గుర్తే.