సందేహాలు – సమాధానాలు: కణం ‘నియంత్రిస్తుందా’, ‘ఆపివేస్తుందా’?

సందేహం: ఒక విజ్ఞాన వ్యాసంలో ‘ఒత్తిడికి లోనైన కణం ప్రోటీన్ల తయారీని నియంత్రిస్తుంది’ అని ఒకచోట, ‘ఆపివేస్తుంది’ అని మరొకచోట ఉంది. రెండూ ఒకటేనా? అందులోనే, కణానికి శక్తినందించే భాగాలైన మైటోకాండ్రియా గురించి రాస్తూ వాడిన ‘మైటోకాండ్రియా ప్రోటీన్ల తయారీ’ అన్న పదప్రయోగం సరైనదేనా?

సమాధానం: ఆ రెండు క్రియలూ ఒకటి కావు. ‘ధరల నియంత్రణ’, ‘జనాభా నియంత్రణ’ వంటి వాడుకల వల్ల నియంత్రించడమంటే తగ్గించడమేనన్న భావం మనలో స్థిరపడింది. కానీ నేడు నిరంకుశుడికే పరిమితమైన ‘నియంత’ శబ్దాన్ని అమరకోశం సారథికి పర్యాయపదాలలో చేర్చింది. సారథి పగ్గాలను బిగించనూ గలడు, సడలించనూ గలడు. కణంలో జరిగేదీ అదే. ప్రోటీన్లకు ముడిసరుకైన అమైనో ఆమ్లాల కొరత, వైరస్ దాడి వంటివి ఎదురైనప్పుడు, ప్రోటీన్ల తయారీ ప్రారంభం కావడానికి అవసరమైన ఈఐఎఫ్2 కారకంలోని ఆల్ఫా భాగానికి 51వ స్థానంలో ఉన్న సెరీన్ అనే అమైనో ఆమ్లం వద్ద ఫాస్ఫేట్ చేరుతుంది. దానితో చాలా ప్రోటీన్ల తయారీ మందగిస్తుంది; అదే సమయంలో ఏటీఎఫ్4 అనే ప్రోటీన్ తయారీ మాత్రం పెరిగి, కణం తేరుకోవడానికి కావలసిన జన్యువులను పనిలోకి దించుతుంది. ‘వేయు’ చేరిన క్రియ పని పూర్తిగా ముగిసిందన్న అర్థాన్నిస్తుంది కనుక ‘ఆపివేస్తుంది’ ఇక్కడ పొసగదు. ‘చాలా ప్రోటీన్ల తయారీని తగ్గించి, కొన్నింటి తయారీని పెంచుతుంది’ అని విడమరచి రాయడం అన్నిటికంటే మేలు.

ఇక ‘మైటోకాండ్రియా ప్రోటీన్ల తయారీ’ అన్న పదప్రయోగంలో వ్యాకరణదోషం లేదు, అస్పష్టత ఉంది. మైటోకాండ్రియాలో జరిగే తయారీయా, మైటోకాండ్రియా కోసం జరిగే తయారీయా అన్నది ఆ సమాసం చెప్పదు. మనిషి మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉన్నా, అది 13 ప్రోటీన్లకే సంకేతాలనిస్తుంది. మిగిలినవన్నీ కేంద్రకంలోని జన్యువుల ఆదేశంతో కణద్రవ్యంలో తయారై లోపలికి చేరవలసినవే. అందువల్లనే మైటోకాండ్రియాకు కష్టం వస్తే ఆ కబురు బయటికి రావాలి. ఓఎంఏ1 అనే ఎంజైము డీఈఎల్ఈ1 అనే ప్రోటీన్‌ను కత్తిరిస్తుందనీ, ఆ ముక్క కణద్రవ్యంలో హెచ్ఆర్ఐ అనే మరో ఎంజైమును ప్రేరేపించి, పైన చెప్పిన ఫాస్ఫేట్‌ను చేర్పిస్తుందనీ 2020లో వెల్లడైంది. ఇంత దూరం నడిచే వ్యవహారంలో ఏది లోపల, ఏది బయట అన్నది పాఠకుడికి తెలియాలంటే సమాసాన్ని విడదీసి, ‘మైటోకాండ్రియాలో తయారయ్యే ప్రోటీన్లు’, ‘మైటోకాండ్రియాకు చేరే ప్రోటీన్లు’ అని విభక్తి ప్రత్యయాలతోనే రాయాలి.