శనివారం సాయంత్రం బస్సెక్కకు బిడ్డా

కోడలు పిల్లకు,

నా తమ్ముడు, అదే మీ బాపు, పొద్దుగాల్నే ఫోన్ చేసి, కాకతీయ యూనివర్సిటీ (కేయూ) క్యాంపస్‌ల నీకు ఇంజినీరింగ్ సీటు ఖాయమైందని, హాస్టల్ల రూము గూడ దొరికిందని చెప్పిండు. చెప్తుంటె గొంతు నిలువలేదు ఆయనకు. నాకూ సంబురమే. నన్ను పదో తరగతి కాంగనే పెండ్లి చేసి పంపిన్రు. ఆ తర్వాత చదివిన చదువంత అత్తగారింట్ల అందరు పండుకున్నంక చదివిందే. గసుంటి ఇంట్లకెళ్లి ఆడపిల్ల ఒకతి హనుమకొండకు పోయి నాలుగేండ్లు చదువుడంటె చిన్న ముచ్చట గాదు. ఫోన్ పెట్టేసినంక మాత్రం కూసున్న కాడ కూసోలేకపోయిన. ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌గ చేసి రిటైరైనదాన్ని. కొత్త పిల్లలు సూట్‌కేసు పట్టుకొని గేటు కాడ ఎట్ల నిలబడ్తరో నాకు ఎరుక. తల్లిదండ్రులు మలుపు తిరిగే దాక చెయ్యి ఊపుతనే ఉంటరు, ఆటో కనపడకుంట కాంగనే మొకం మారిపోతది. ఫోన్ల చెప్తె నువ్వు సగం వింటవు, నేను సగం మర్చిపోత. అందుకే కాయితం తీసిన.

చిన్నచిన్నవి ముందుగాల చెప్పి పక్కకు పెడ్త. బకెట్టు, మగ్గు, మంచి తాళం ఇక్కడ్నే కొనుక్కొని పో. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చే ముందు అన్నింటికి జిరాక్సులు తీయించు, ఫోన్ల ఫోటోలు కొట్టు, ఇచ్చినట్టు రసీదు తీస్కో. స్కాలర్‌షిప్‌కు ఈ-పాస్‌ల అప్లై చేసేటప్పుడు పదో తరగతి మెమోల, ఆధార్ల, ఆదాయం సర్టిఫికెట్ల నీ పేరు ఒక్క తీరుగ ఉన్నదో లేదో అక్షరం అక్షరం చూడు. ఒక్క దీర్ఘం తేడాకు మీసేవ చుట్టు తిరిగి తిరిగి ఏడ్చిన పిల్లలను నేను చూసిన. హాజరు 75 శాతానికి తగ్గనియ్యకు, దాని ముచ్చట ఎన్కకు చెప్త.

ర్యాగింగ్‌కు 1997లనే చట్టమొచ్చింది. పరిచయం చేసుకుందాం అని రాత్రిపూట ఎవలన్న రూముకు పిలిస్తె పోకు. ర్యాగింగ్ మీద ఫిర్యాదు చేసే 1800-180-5522 నంబరు ఫోన్ల పెట్టుకో. అట్లని సీనియర్లందరు దయ్యాలు గారు. పాత ప్రశ్నపత్రాలు, పాత పుస్తకాలు, ఏ సార్ రికార్డుకు ఎట్ల మార్కులేస్తడన్న సంగతి వాళ్ల కాడనే దొరుకుతయి. మర్యాదగ అక్కా అని పిలువు, అడుగు.

నీళ్ల సంగతి మాత్రం ఒక్క ముక్కల చెప్పి వదిలిపెట్ట. మీ బాపు నవ్వుతడు, అక్కకు నీళ్ల పిచ్చి అంటడు. అననియ్యి. నేను పనిచేసిన ఒక హాస్టల్ల ఒక వానకాలం పిల్లలకు వరుసగ కామెర్లొచ్చినయి. మొదటి పిల్ల అన్నం వాసనస్తున్నదని పల్లెం జరిపేసింది. అన్నం బాగలేదేమో అని వంటామెను మందలించిన. రెండోనాడు వెల్తుర్ల నిలబెట్టి కండ్లు చూస్తె తెల్లగుడ్డు అంచుల పసుపు తీరుగ ఉన్నది. తవ్వి చూస్తె సంపులకొచ్చే పైపు మోరి పక్కపొంటే పోయి, ఒక జాయింట్ కాడ పగిలింది. బయటికి చూస్తె నీళ్లు తేటగనే ఉండె. అందుకే చెప్తున్న, పోయిన మొదటి వారంలనే తాగే నీళ్లు ఎక్కడికెళ్లి వస్తున్నయో కండ్లార చూసి రా. ఫిల్టరు మిషనుంటె దాన్ని ఎప్పుడు కడిగిన్రని అడుగు. అడిగితె ఎవలు కొట్టరు. వానకాలం పోయేదాక మెస్సుల కాగబెట్టిన నీళ్లు ఇప్పించుకో. చౌరస్తాల పానీపూరి తినకు అంటె నువ్వు వినవు. పూరి తిను, పానీ ఒద్దు.

ఇగ అసలు ముచ్చట.

2023 డిసెంబర్‌కెళ్లి ఆడోళ్లకు పల్లె వెలుగుల, ఎక్స్‌ప్రెస్‌ల టికెట్ లేదు. ఆధార్ చూపిస్తె జీరో టికెట్ కొట్టిస్తరు. మంచిదే, మన అసుంటోళ్లకు ఎంతో ఆసరా. కాని నాకు అదే భయం. శనివారం క్లాసు కాంగనే కేయూ క్రాస్ రోడ్డుకు వచ్చి, హుజూరాబాద్ బస్సెక్కితె దీపాలు పెట్టేయాల్లకు ఇంట్ల ఉంటవు. పైస ఖర్చు లేదు, అడిగేటోళ్లు లేరు. బిడ్డా, మొదటి రెండు నెలలు ఆ బస్సెక్కకు. ఎందుకు అంటున్ననో చెప్త.

మీ బాపు ఓపెన్ యూనివర్సిటీల డిగ్రీ చేసిండని నీకు తెల్సు. రెగ్యులర్‌గ ఎందుకు చెయ్యలేదని ఎప్పుడన్న అడిగినవా? ఆయన చెప్పడు. 1987ల మీ బాపు హనుమకొండల బీఎస్సీ చేరిండు. ఇంటర్ జమ్మికుంటల, తెలుగు మీడియం, మార్కులు మంచిగనే వచ్చినయి. మా నాయిన పత్తి పైసలు చేతికి రాకముందే అప్పు తెచ్చి ఫీజు కట్టిండు. పరకాల దిక్కు పిలగాడు ఒకడు, మీ బాపు, ఇద్దరు కలిసి ఒక రూము కిరాయికి తీసుకున్నరు. కాలేజీల పాఠాలన్ని ఇంగ్లీషుల. మొదటి వారంల కెమిస్ట్రీ సార్ ఏదో అడిగితె మీ బాపు లేచి తెలుగుల జవాబు చెప్పిండట. జవాబు కరెక్టే. కాని వెనుక బెంచీల నవ్విన్రు. తెలుగుల చెప్పినందుకు నవ్విన్రో, మన యాసకు నవ్విన్రో, అసలు వాళ్ల ముచ్చట్ల వాళ్లు నవ్వుకున్నరో ఆయనకు ఇప్పటికీ తెలువది. ఆ శనివారం కాజీపేటకు పోయి ప్యాసింజరెక్కి ఓదెలల దిగిండు.

మీ బాపమ్మ మురిసింది. కొడుకు చిక్కిపోయిండని కోడిని కోసింది. ఐతారం సాయంత్రం బయలెల్లుతె తల్లి మొకం చిన్నబోతది, సోమవారం పొద్దున బయలెల్లుతె ల్యాబ్ తప్పుతది. ఆయన సోమవారమే పోయేటోడు. దసరా దాటేసరికి శుక్రవారం రాత్రే దిగుడు షురువైంది. అడిగితె సెలవిచ్చిన్రు అనేటోడు. మా నాయినకు అక్షరం ముక్క రాదు, కాలేజీ అంటె గట్లనే ఉంటదేమో అనుకున్నడు. నేను తల్లిగారింటికి వచ్చినప్పుడు, "ఇన్ని సెలవులేందిరా, మా స్కూళ్లకు లేనివి" అని అడిగిన. నీకేం తెల్సు అని అన్నం ముందటికెళ్లి లేచిపోయిండు.

పరీక్షలప్పుడు హాజరు చాలలేదని హాల్‌టికెట్ ఇయ్యలేదు. అదీ ఇంట్ల చెప్పలేదు. పరీక్షకు పోతున్న అని చెప్పి పోయి, కాజీపేట స్టేషన్ల బెంచీ మీద కూసొని వచ్చేటోడట. ఆఖరికి పరకాల పిలగాడు రూము ఖాళీ చేస్తూ, మీ బాపు పెట్టెను రైల్ల వేసుకొని మా ఇంటికి తెచ్చిచ్చిండు. ఆ రోజు నేను ఇంట్లనే ఉన్న. పెట్టె తెరిచింది నేనే. దుప్పటి మడత ఇప్పలేదు. దోమతెర దుకాణపాయన చుట్టిచ్చిన పేపర్లనే ఉన్నది, సుతిలి ముడి గూడ అట్లనే. మా నాయిన పేరు కొట్టించి ఇచ్చిన స్టీలు పల్లెం మీద కంపెనీ చీటీ అంటుకోనే ఉన్నది. "మరి వీడు దేంట్ల తిన్నడు తమ్మీ?" అని అడిగిన. ఆ పిలగాడు సిగ్గుపడుకుంటనే చెప్పిండు: "నా గిన్నె మూతల అక్కా. శనివారం పోతనే ఉన్న కదా, ఎందుకు తీసుడు అనేటోడు. గోడకు నాలుగు మేకులు కొట్టిన, రెండు వీనివని ఇడిచిపెట్టిన. సంవత్సరమంత ఖాళీగనే ఉన్నయి."

మీ బాపుకు తెలివి తక్కువ గాదు, నీకూ తెల్సు. పొలంకాడ మోటరు ఖరాబైతె మెకానిక్కుకు ఆయన చెప్తడు ఏమైందో. ఇంగ్లీషు గూడ ఆరు నెలలు కూసుంటె వచ్చేది, ఆ క్లాసుల సగం మందికి అట్లనే వచ్చింది. కాని ల్యాబ్ల తన పక్కన నిలబడే పిలగాని పేరు ఆయనకు తెలువది. నవ్వినోళ్ల పేర్లు గూడ తెలువయి. సోపతులు క్లాసుల కావు బిడ్డా, ఐతారం నాడైతయి. బట్టలు పిండేకాడ, టిఫిన్ కోసం లైన్ల నిలబడ్డకాడ, ఎవలో సబ్బు అడిగితె ఇచ్చినకాడ అయితయి. మీ బాపుకు హనుమకొండల ఒక్క ఐతారం గూడ లేకపాయె. ఆయనను నేను తిడ్తున్నననుకోకు. ఇంటి మీది ప్రేమ ఎవలకు లేదు? ఆ ఏడాదంత ఆయన ఒక్కని బాధ ఆయన ఒక్కడే మోసిండు, అది తలుచుకుంటె ఇప్పటికీ నా పానం గుంజుతది.

ఇగ చూడు, శుక్రవారం కాంగనే ఫోన్ చేసి "రేపు వస్తవా బిడ్డా, మీ అమ్మ మక్కగారెలు చేస్తున్నది" అని అడిగేది ఆయనే. తన పాత రోజులు మర్చిపోయి గాదు, నువ్వు ఒక్కదానివి ఏడుస్తున్నవేమో అని. వద్దు బాపూ, ఈ వారం పనున్నది అని చెప్పు. ఈ ముచ్చట నేను రాసిన్నని మాత్రం చెప్పకు.

మరి ఐతారం ఏం చెయ్యాలె? మొదటి ఐతారం ఎక్కడికీ పోకు. సూట్‌కేసు ఖాళీ చేసి మంచం కిందికి తోసెయ్యి. ఆ తర్వాత రూమ్మేట్లను లేపి సిటీబస్సు ఎక్కించు. వేయిస్తంభాల గుడిని 1163ల రుద్రదేవుడు కట్టించిండని బడిల చదివినవు. పోయి ఒక గంటసేపు ఆ రాతి మీద ఊకె కూసో. మూడు గర్భగుళ్లల ఏ దేవుడు ఏ దిక్కుండెనో ఎతుకు, సూర్యుని గుడి ఏదో కనిపెట్టు. ఖిలా వరంగల్ తోరణాలు రాష్ట్ర చిహ్నంల చూసినయే, కాని కింద నిలబడి తల ఎత్తి చూసుడు వేరు. వానలు పడ్డంక భద్రకాళి చెరువుకట్ట మీద సాయంత్రం గాలి బాగుంటది. హనుమకొండలనే రాజరాజ నరేంద్ర భాషానిలయం అని లైబ్రరీ ఉన్నది, 1904ల పెట్టింది. నిజాం రాజ్యంల తెలుగు చదువుడే గగనమైన రోజులల్ల పైసా పైసా కూడబెట్టి నిలబెట్టిన్రు. పరీక్షలొచ్చినప్పుడు హాస్టల్ల గోల ఎక్కువైతె గసుంటి తావులు గుర్తుకు రావాలె.

రూముల ఎవలు పడ్తరో మన చేతుల లేదు. తండా పిల్ల పడొచ్చు, హైదరాబాద్‌ల ఇంగ్లీషు మీడియం పిల్ల పడొచ్చు. పేరు అడిగినంక ఇంటిపేరు అడుగుతరు, ఇంటిపేరుతోటి కులం లెక్క కడ్తరు. నువ్వు మాత్రం ఎవలనూ అడుగకు. నిన్ను అడిగితె చెప్పు, దాచకు, కాని ఆ లెక్కతోటి ఎవలన్న నిన్ను తమ గుంపుల కలుపుకుంటమంటె జర ఆగు. కులం గుంపులు హాస్టల్లల్ల ఎట్ల మొదలైతయో, ఒక పిల్ల పల్లెం పక్కకు జరిపేదాక ఎట్ల పోతయో చూసి చూసి నాకు విసుగొచ్చింది. ఇంగ్లీషు పిల్ల దగ్గర ఇంగ్లీషు నేర్చుకో, ఆమెకు లెక్కలు చెప్పు. మన మాట మాట్లాడనీకి సిగ్గుపడకు. ఆ హనుమకొండలనే కవి కాళోజీ ఉన్నడు, ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగ చేస్తున్నరు. క్లాసుల తెలుగుల జవాబొస్తె తెలుగులనే చెప్పు, రాత్రికి దాన్నే ఇంగ్లీషుల రాసుకో.

విద్యార్థి సంఘాలోళ్లు వస్తరు, మీటింగులకు పిలుస్తరు. మా కాలంల వరంగల్ కాలేజీ అంటె పెద్దమనుషులు జడిసేది, చదువుకు పోయిన పిల్లలు నక్సలైట్లల్ల కలిసి అడవికి పోయిన రోజులవి. ఇప్పుడు ఆ భయం లేదు గాని, నా మనసుల కొంచెం మిగిలింది, ఏం చేస్త. అదే యూనివర్సిటీల జయశంకర్ సార్ వైస్‌చాన్సలర్‌గ చేసిండు, మాట్లాడుడు నేర్చుకోవాలంటె అది మంచి తావే. పో, విను, అడుగు. చదువకుండ దేని మీద సంతకం పెట్టకు. ఎన్నెస్సెస్‌ల, అంటె జాతీయ సేవా పథకంల, మాత్రం పేరియ్యి. ఏడు రోజులు ఊర్లల్ల క్యాంపు పెడ్తరు, కలిసి వండుకొని కలిసి పండుకుంటె మనుషులు తెలుస్తరు.

బతుకమ్మకు ఎప్పుడొస్తవని మీ అమ్మ ఇప్పట్నుంచే అడుగుతున్నది. నేను ఒక ఒప్పందం చేసిన. మొదటి రోజు, ఎంగిలిపూల నాడు, అక్కడ్నే ఉండు. వేయిస్తంభాల గుడి కాడ ఆ రోజు ఆడేటోళ్లను చూస్తె మన ఊరంత కలిసినా ఒక మూలకు చాలదు. తంగేడు, గునుగు చౌరస్తాల కొనుక్కొని, మీ రూమోళ్లందరితోటి పేర్చు. రానోళ్లకు నేర్పు, గునుగుకు రంగు అద్దేది నీకు మంచిగ వస్తది. ఆఖరి రోజు, సద్దులకు, ఇంటికి రా. అప్పటికి నీకు చెప్పనీకి చాన ఉంటయి, మాకు వినబుద్ధి అయితది.

మనసు బాగలేనినాడు, రాత్రి ఎంత పొద్దుపోయినా సరే, నాకే ఫోన్ చెయ్యి, బాపుకు గాదు. ఆయనైతె మారుమాట లేకుంట బండి తీసి బయలెల్లుతడు, తెల్లారేసరికి గేటు కాడ ఉంటడు. నేను రాను. నీకు నిద్ర వచ్చేదాక మాట్లాడుత.

మీ అత్త