అరవై నిండినంక అడిగి తెచ్చుకోవాల్సినవి

తమ్మీ,

అరవై నిండితే ఏమేమి వస్తాయని అడిగినవు. వచ్చేవి చాలానే ఉన్నాయి గానీ, వాటంతట అవి వచ్చేవి తక్కువ. ఒక్కోదానికి ఒక్కో వయసు, ఒక్కో కాగితం. అందుకే దేనికి ఎక్కడికి పోవాలో, ఎక్కడ పైలంగా ఉండాలో రాస్తున్నా.

ముందుగాల ఆధార్ తీసి పుట్టిన తేదీ చూడు. మన తరం వాళ్లలో చాలామందికి బడిలో రాసిన తేదీ ఒకటి, ఆధార్‌లో ఉన్నది ఇంకొకటి. అడిగినప్పుడు తేదీ చెప్పలేకపోతే జనవరి 1 అని కొట్టేసిన కార్డులు ఊరూరా ఉన్నాయి. ఆధార్‌లో ఒకటి, పాన్‌లో ఒకటి ఉంటే లింకు కుదరదు. లింకు లేకుంటే పోస్టాఫీసు డిపాజిట్ నుంచి పన్ను దాకా అన్నీ అక్కడే ఆగుతాయి. పదో తరగతి మెమో పట్టుకొని ఆధార్ కేంద్రానికి పో, 75 రూపాయల ఫీజు. పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మారుస్తారు కాబట్టి రశీదు మీద అంకెలు సరిగ్గా పడ్డాయో లేదో కౌంటర్ దగ్గరే చదువుకో. ఇంటికొచ్చి చూసుకుంటే తిప్పలే. పాన్, బ్యాంకు ఖాతా, ఓటరు కార్డుల్లో కూడా అదే తేదీ ఉండేటట్టు చూసుకో.

ఇక డబ్బు సంగతి. అరవై నిండిన వాళ్లకు అన్నిటికన్నా పెద్ద లాభం బస్సులో, రైల్లో కాదు, వడ్డీలో ఉంది. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ ఉంటుంది, పెద్ద బ్యాంకుల్లోనూ తెరవొచ్చు. వెయ్యి రూపాయల నుంచి 30 లక్షల దాకా వేయొచ్చు, గడువు ఐదేండ్లు. 2023 ఏప్రిల్‌లో దీని వడ్డీ 8.2 శాతం అయింది. సర్కారు మూడు నెలలకోసారి రేటు ప్రకటిస్తుంది. నువ్వు వేసిన రోజు ఏ రేటుంటే ఐదేండ్లూ అదే నడుస్తుంది, నడుమ తగ్గినా నీకు తగ్గదు. 8.2 లెక్కన పది లక్షలకు మూడు నెలలకోసారి 20,500 చేతికొస్తాయి. ఏప్రిల్, జులై, అక్టోబర్, జనవరి ఒకటో తారీఖుల్లో పడతాయి. ఆ డబ్బు తీయకుండా వదిలేస్తే దాని మీద మళ్లీ వడ్డీ రాదు, అందుకని నేరుగా సేవింగ్స్ ఖాతాలో పడేటట్టు రాయించు.

నీ పుట్టినరోజుకు ముందే పోతే తీసుకోరు. ఉద్యోగం నుంచి దిగినోళ్లకు 55 నుంచే వెసులుబాటు ఉంది గానీ దుకాణం నడిపే నీకు అది వర్తించదు. లక్ష దాటితే నగదు తీసుకోరు, చెక్కు ఇవ్వాలి. మరదలికి ఇంకా 57 అని ఆలోచించకు, భార్యాభర్తల జాయింట్ ఖాతాకు మొదటి పేరున్నవాళ్ల వయసే చూస్తారు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా: ఉన్నదంతా ఇందులో వేయకు. ఏడాది నిండకముందే మూసేస్తే అప్పటిదాకా ఇచ్చిన వడ్డీ మొత్తం వెనక్కి పట్టుకుంటారు. ఏడాది దాటినంక రెండేండ్లలోపు మూస్తే అసలులో 1.5 శాతం, ఆ తర్వాత అయితే 1 శాతం కోస్తారు. ఆసుపత్రికని రెండు మూడు లక్షలు విడిగా మామూలు ఫిక్స్‌డ్ డిపాజిట్ (ఎఫ్‌డీ)లో ఉండనీ.

బ్యాంకు ఎఫ్‌డీలకు అరవై దాటినోళ్లకు చాలా బ్యాంకులు అర శాతం ఎక్కువిస్తాయి. అయితే నువ్వు పోయినేడు వేసిన ఎఫ్‌డీకి వచ్చే నెల నుంచి వడ్డీ పెరగదు. గడువు తీరి మళ్లీ వేసినప్పుడే కొత్త రేటు. ఆటో రెన్యువల్ పెట్టి ఉంటే ఆ రోజు బ్యాంకుకు పోయి, సీనియర్ రేటు పడిందా లేదా బాండ్ మీద చూసుకో. బ్యాంకు రికార్డులో పుట్టిన తేదీ తప్పుంటే పడదు. మొదటి పని ఆధార్ అన్నది అందుకే.

ఇంకో ముచ్చట. సీనియర్ సిటిజన్ స్కీమ్ కోసం బ్యాంకుకు పోతే, ‘అంతకన్నా మంచిది ఉంది సార్’ అని ఇన్సూరెన్స్ పాలసీ చేతిలో పెట్టేవాళ్లుంటారు. డిపాజిట్ లాంటిదే అంటారు. ఏడాదికోసారి ప్రీమియం కట్టమనేది ఏదీ డిపాజిట్ కాదు. పొరపాటున సంతకం పెట్టినా భయం లేదు, పాలసీ చేతికందిన 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు. కాగితం మీద రాసిచ్చి, ముట్టినట్టు స్టాంపు వేయించుకో.

పన్నుకొస్తే, ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ లక్ష దాటేదాకా అరవై దాటినోళ్లకు టీడీఎస్, అంటే బ్యాంకే ముందుగా పట్టుకునే పన్ను, కోయరు. ఈ హద్దు 2025 ఏప్రిల్ నుంచి వచ్చింది, అంతకుముందు 50 వేలే. లక్ష దాటినా, నీ మొత్తం ఆదాయం మీద పన్ను సున్నా అయితే ఏప్రిల్ మొదటి వారంలోనే స్వయం ప్రకటన ఇయ్యాలి. ఇన్నాళ్లూ అందరం 15హెచ్ అన్నది దాన్నే. ఏ బ్యాంకుకు ఆ బ్యాంకుకు, పోస్టాఫీసుకు విడిగా, ప్రతి ఏడూ ఇయ్యాల్సిందే. ఒకసారి ఇచ్చినం కదా అనుకొని ఊరుకుంటే కోత పడుతుంది, ఆ డబ్బు కోసం రిటర్ను వేసి ఎదురుచూడాలి. అరవై దాటి పాత పన్ను విధానంలో రిటర్ను వేసేవాళ్లకు 3 లక్షల దాకా పన్ను లేదు, వడ్డీలో 50 వేలు మినహాయింపు కూడా ఉంది. కొత్త విధానంలో వయసును బట్టి తేడా లేదు.

ప్రయాణాల విషయంలో జనానికి ఉన్నంత భ్రమ ఇంకెందులోనూ లేదు. రైల్లో పెద్దోళ్లకిచ్చే టికెట్ రాయితీని 2020 మార్చిలో ఆపేసిన్రు, మళ్లీ ఇయ్యలేదు. ఉన్నది కింది బెర్తు కోటా ఒక్కటే: మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ కోటా ఒక్కరు గానీ ఇద్దరు గానీ పోయే టికెట్‌కే. నల్లగొండలో నారాయణాద్రి ఎక్కి తిరుపతి పోదామని ఇంటిల్లిపాది ఆరుగురికి ఒకటే టికెట్ తీస్తే, నీకు పై బెర్తు వచ్చినా అడిగే దిక్కుండదు. మీ ఇద్దరిదీ వేరుగా ఆ కోటాలో తీయించు, పిల్లలది వేరే. బండ్లో అసలు గుర్తింపు కార్డు చూపాలి.

బస్సుకు మరదలి వయసుతో పనిలేదు. మహాలక్ష్మి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో తెలంగాణ ఆడవాళ్లందరికీ ఉచితమే, ఆధార్‌లో ఇక్కడి చిరునామా ఉండాలి. ఆంధ్రా ఆర్టీసీ బస్సుల్లో అరవై నిండినోళ్లకు 25 శాతం తగ్గింపు ఉంది. శ్రీశైలం, మాచర్ల దిక్కు పోయేటప్పుడు టికెట్ కొట్టకముందే కండక్టర్‌కు కార్డు చూపు, కొట్టినంక చూపితే లాభం లేదు.

తిరుమలలో పెద్దోళ్ల దర్శనానికి 60 సరిపోదు, 65 నిండాలి. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ‘ఎప్పుడు పోయినా అరగంటలో దర్శనం’ అని వాట్సాప్‌లో తిరిగేది నమ్మి కొండెక్కకు.

వైద్యానికి 60 పెద్ద మలుపు కాదు, 70 మలుపు. 70 నిండితే ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు మీద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంటుంది, 2024 అక్టోబర్‌లో మొదలైంది. అప్పటిదాకా రేషన్ కార్డు ఉన్నోళ్లకు ఆరోగ్యశ్రీ దిక్కు, హద్దు 10 లక్షలు. సొంతంగా పాలసీ తీసుకుంటే షుగర్, బీపీ దాచకు. ఉన్న జబ్బులకు మూడేండ్ల దాకా ఆగమంటారు, కానీ దాచితే క్లెయిమే పోతుంది. వినికిడి మిషన్, చేతికర్ర, కట్టుడు పండ్లు వంటివి రాష్ట్రీయ వయోశ్రీ యోజన శిబిరాల్లో ఉచితంగా ఇస్తారు. నెలకు 15 వేల లోపు ఆదాయం ఉన్న పెద్దోళ్లకు అవి. మన ఊళ్లో అవసరమున్నోళ్లకు చెప్పు.

వచ్చేవే కాదు, పోయేవి కూడా ఉన్నాయి. రైతు బీమా 18 నుంచి 59 ఏండ్ల వాళ్లకే. ఆధార్ తేదీ ప్రకారం 59 దాటితే ఆగస్టు 14 నుంచి మొదలయ్యే కొత్త ఏడాదిలో నీ పేరుండదు. రైతు చనిపోతే ఇంటికొచ్చే ఆ 5 లక్షల అండ పోతుందని ఇంట్లో తెలిసి ఉండాలి. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమా మాత్రం 70 దాకా నడుస్తుంది. ప్రమాదంలో పోతే 2 లక్షలు. మే నెలాఖరుకు ఖాతాలో ఆ 20 ఉండేటట్టు చూడు.

అన్నిటికన్నా జాగ్రత్త భూమి దగ్గర. అరవై నిండంగనే పిల్లల పేరు మీద పట్టా చేద్దామని అందరూ తొందరపెడతారు. 2007 వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, చూసుకోకుంటే ఇచ్చిన ఆస్తిని వెనక్కి తీసుకోవచ్చు. కానీ ‘నన్ను, నా భార్యను పోషించాలి’ అన్న షరతు గిఫ్ట్ డీడ్‌లోనే రాసి ఉంటేనే నీ కేసు గట్టిగా నిలుస్తుంది. ప్రేమతో ఇస్తున్నానని మాత్రమే రాసి, తర్వాత షరతుందంటే వాదన మీద వాదన నడుస్తుంది. అందుకే ఆ వాక్యం చదివి, ఉన్నదని చూసుకున్నాకే వేలిముద్ర వేయి. అవసరం పడితే ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది, వకీలు అక్కరలేదు, తెల్లకాగితం మీద దరఖాస్తు చాలు. ఏ సంగతైనా అడగడానికి పెద్దోళ్ల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయొచ్చు, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా.

చివరగా, బ్యాంకుకు పోయిన రోజే పాత పాస్‌బుక్కులన్నీ తీసుకుపోయి నామినీ ఎవరున్నారో అడుగు. పెండ్లికి ముందు తెరిచిన ఖాతాలో ఇంకా అమ్మ పేరే ఉండొచ్చు. మరదలి పేరు రాయించి, ఆ కాగితం జిరాక్స్ ఆమె చేతికే ఇయ్యి.

మీ అన్న