గొట్టానికి పురి ఎక్కనివ్వకు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

విమానంలో సీటు పైనుంచి జారే ఆక్సిజన్ మాస్కుకి కొత్త గొట్టం నువ్వే డిజైన్ చేయబోతున్నావని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను, ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది. గొట్టమే కదా అని ఎవరన్నా నమ్మకు. 35,000 అడుగుల ఎత్తులో క్యాబిన్ పీడనం పోతే మనిషికి తెలివి నిలిచేది అర నిమిషం నుంచి నిమిషం. నీ పనితనం తేలేది ఆ కాసేపట్లోనే.

సీటు పైనున్న చిన్న డబ్బాలో పట్టించాలి కదా అని లోపలి వ్యాసం కొయ్యకు. 4 మిల్లీమీటర్లని 3 చేస్తే ప్రవాహానికి అడ్డు మూడు రెట్లు దాటుతుంది. 6 మిల్లీమీటర్ల బయటి వ్యాసమున్న మీటరు గొట్టం నిజంగా ఆక్రమించేది 28 ఘన సెంటీమీటర్లే, మిగతాదంతా చుట్ల మధ్య ఖాళీ. జాగా అక్కడ మిగుల్చుకో. నూనె, గ్రీజు దరిదాపులకి రానివ్వకు.

ఇక అసలు సంగతి. గొట్టం చేతికిస్తే ఎవరైనా నాలుగు వేళ్ల చుట్టూ గుండ్రంగా చుట్టేస్తారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ చుట్టని తిప్పకుండా ఒక కొస పట్టుకుని పక్కకి లాగితే, విడిపోయిన ప్రతి చుట్టూ గొట్టంలో ఒక పూర్తి పురి వదిలిపోతుంది. ఎనిమిది చుట్లకి ఎనిమిది పురులు. తోట గొట్టంతో ఎవరికైనా ఇది అనుభవమే. మాస్కు ఊరికే వేలాడుతున్నంతసేపూ గిరగిరా తిరిగి కొంత పురి వదిలించుకుంటుంది. ప్రయాణికుడు దాన్ని ముఖానికి అదుముకున్నాక రెండు కొసలూ బిగిసిపోతాయి, పురి పోవడానికి దారుండదు. గొట్టం వదులుగా ఉన్నచోట తన మీద తనే మెలిక వేసుకుంటుంది. అతను ముందుకి వంగగానే ఆ మెలిక బిగిసి, గొట్టం అక్కడ చదునై మూసుకుపోతుంది.

నాకు భయం దీని తర్వాత జరిగేదాని గురించి. మాస్కుకి వేలాడే ప్లాస్టిక్ సంచీ ఉబ్బకపోయినా ఆక్సిజన్ వస్తూనే ఉంటుందని సిబ్బంది ముందే చెప్పి ఉంటారు. అది నిజమే. కాబట్టి గొట్టం మూసుకుపోయినవాడు కూడా చప్పబడ్డ సంచీని చూసి ధైర్యంగానే కూర్చుంటాడు. అతని వాటా పక్కవాళ్లకి వెళ్లిపోతుంది. ఎవరికీ అనుమానం రాదు.

అందుకని ఎనిమిది అంకె ఆకారంలో చుట్టు. ఒక చుట్టు కుడికి, తర్వాతది ఎడమకి వస్తే ఒకదాని పురిని ఇంకోటి రద్దు చేస్తుంది. అడ్డంగా దాటే చోట మందం పెరుగుతుంది, ఆ కాస్త జాగా ఇచ్చెయ్యి, పిసినారితనం వద్దు. గొట్టం పొడవునా సన్నటి రంగు గీత ఒకటి వేయించు. గీత గొట్టం చుట్టూ పాములా తిరిగిందంటే పురి ఉన్నట్టే. తిరిగి సర్దే మెకానిక్ కంటికి అంతకన్నా గుర్తు అక్కర్లేదు.

చుట్ట తనంతట తను పట్టి ఉండటానికి రబ్బరు బ్యాండు, టేపు లాంటివి వద్దు, తీయడం మరిచిపోతే ప్రాణం మీదకొస్తుంది. గొట్టం గోడ మీదే ఒక గాడి, ఒక అంచు ఉండి పక్కపక్క చుట్లు తేలిగ్గా కరుచుకోవాలి. అయితే పట్టు ఒలుచుకున్నట్టు ఊడాలి, ఒకచోట మొదలై చుట్టు వెంట చుట్టు. పొడవునా ఒకేసారి జారాల్సి వస్తే ఊడదు. మాస్కు దగ్గరి చుట్టు ముందు విడాలి.

లాగే బలం మాస్కు బరువు మాత్రమే. సంచీతో కలిపి 40 గ్రాములనుకుంటే 0.4 న్యూటన్. పట్టు అందులో నాలుగోవంతు, అంటే 0.1 న్యూటన్ దాటకుండా చూసుకో. ఎందుకంటే మెత్తటి వినైల్‌లో మెత్తదనం కోసం కలిపే ప్లాస్టిసైజర్ ఏళ్లమీద పైకి ఊరి చుట్లని అతికిస్తుంది, చలికి గోడ బిరుసెక్కుతుంది. కొత్త నమూనా కింద పడిందని గంతులేశావో, చెవి మెలిపెడతాను! సర్దిన డబ్బానే రోజుల తరబడి వేడిలో ఉంచి, తర్వాత చలిలో పెట్టి, అప్పుడు తలుపు తెరిచి చూడు తల్లీ.

ఆక్సిజన్ మొదలవడానికి పిన్ను లాగే తాడు గొట్టం కన్నా పొట్టిగా ఉండాలని నీకు తెలుసు. గొట్టమే ముందు బిగిస్తే లాగుడు దాని జాయింటు మీద పడుతుంది, పిన్ను కదలదు. ఆక్సిజన్ వచ్చేది రసాయన చర్యతో దాన్ని పుట్టించే జనరేటర్ నుంచైతే దాని పైతొడుగు 200 డిగ్రీలు దాటి కాలగలదు, చుట్టని దానికి ఆనించకు. 1996లో ఫ్లోరిడాలో వాల్యూజెట్ విమానం కూలి 110 మంది పోయింది, సరుకుగా వేసిన అలాంటి జనరేటర్ల వల్లే.

ఇప్పటికి కంప్యూటర్ కట్టెయ్. మీటరు గొట్టం తీసుకో, పెన్నుతో పొడవునా గీత గీసి, ఒకసారి గుండ్రంగా, ఒకసారి ఎనిమిదిలా చుట్టి లాగి చూడు. గీత ఎన్నిసార్లు తిరిగిందో నాకు రాయి.

నీ పెదనాన్న