పికప్ ఏ ఆర్‌పీఎం దగ్గరుందో చూసుకో

చిరంజీవి అబ్బాయికి, ఆశీస్సులు.

రెండు బండ్ల బ్రోచర్లు ముందేసుకుని, హార్స్‌పవర్ ఎక్కువున్న దానివైపు మొగ్గుతున్నావని తెలిసింది. ఆ అంకె అబద్ధమేం కాదు. కాకపోతే అది యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, ఇంజిన్‌ని ఒకానొక ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాకా తీసుకెళ్లినప్పుడు వచ్చే శక్తి. రోజూ నడిపేటప్పుడు నీ ఆర్‌పీఎం మీటరు సూది అక్కడికి వెళ్తుందా? వెళ్లదంటే నువ్వు చూడాల్సింది వేరే ఉంది.

ముందు ఒక లెక్క నేర్చుకో. టార్క్‌ని న్యూటన్ మీటర్లలో తీసుకుని ఆర్‌పీఎంతో గుణించి 7023తో భాగించు. ఆ ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ ఇస్తున్న పవర్, మెట్రిక్ హార్స్‌పవర్ అనే పీఎస్‌లలో వస్తుంది. క్రాంక్‌ని తిప్పే బలం టార్క్, ఆ బలంతో ఎంత వేగంగా పని జరుగుతోందో చెప్పేది పవర్. ఈ రెండింటికీ పోటీ పెట్టి వాదించుకోవడం దండగ.

ఉదాహరణకి రెండు బండ్లు తీసుకుందాం. జె సిరీస్ ఇంజిన్ ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి 6100 దగ్గర 20.2 బీహెచ్‌పీ (అంటే దాదాపు 20.5 పీఎస్), 4000 దగ్గర 27 న్యూటన్ మీటర్లు. నాలుగో తరం యమహా ఆర్15కి 10,000 దగ్గర 18.4 పీఎస్, 7500 దగ్గర 14.2 న్యూటన్ మీటర్లు. పవర్ అంకెలు చూస్తే పెద్ద తేడా లేదు. ఇప్పుడు 4000 దగ్గర లెక్కెయ్యి. క్లాసిక్‌కి 27 × 4000 ÷ 7023, అంటే 15.4 పీఎస్. ఆర్15 గరిష్ఠ టార్క్ మొత్తం అక్కడే ఇచ్చిందనుకున్నా 8.1 దాటదు. దాన్ని 7500 దాకా రేజ్ చేస్తే 15.2 వస్తుంది. అక్కడ నుంచి పైకి తిప్పుతూ నడిపేవాడి చేతిలో ఆర్15దే పైచేయి, ఎందుకంటే దాని బరువు 142 కిలోలు, క్లాసిక్‌ది 195. ఏ బండినీ తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. శక్తి రెండింట్లోనూ ఉంది, దొరికే చోటు వేరు.

ఇక్కడే చాలామంది రెండో తప్పు చేస్తారు. హార్స్‌పవర్ వదిలేసి టార్క్ అంకెల్ని పక్కపక్కన పెట్టి పోలుస్తారు. ఒకే వేగంలో రెండు బండ్ల ఇంజిన్లూ ఒకే ఆర్‌పీఎంలో తిరగవు, గేర్ల నిష్పత్తులు వేరు. కాబట్టి ఒక్కో బండికీ టాప్ గేరులో గంటకి 60 కిలోమీటర్ల దగ్గర, 80 దగ్గర సూది ఎక్కడుందో రాసుకో. డైనో గ్రాఫ్ (ఒక్కో ఆర్‌పీఎంలో టార్క్, పవర్ ఎంతో కొలిచి గీసిన బొమ్మ) దొరికితే ఆ ఆర్‌పీఎం దగ్గర పవర్ ఎంతో చూడు. నిటారుగా కూర్చుని, గాలి లేనప్పుడు, చదును రోడ్డు మీద 80లో వెళ్లడానికి సుమారు 6 నుంచి 8 పీఎస్ సరిపోతుంది. అది తీసేస్తే మిగిలేదే నీ ఓవర్‌టేక్, నీ ఎత్తు ఎక్కడం, వెనక కూర్చున్నవాళ్ల బరువు. వేగం పెరిగేకొద్దీ ఈ మిగులు త్వరగా కరిగిపోతుంది. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి 80లో కంటే 120లో 3.4 రెట్లు ఉంటుంది.

బ్రోచర్ నుంచి ఇంకో సంగతి రాబట్టొచ్చు. గరిష్ఠ పవర్‌ని 7023తో గుణించి దాని ఆర్‌పీఎంతో భాగిస్తే అక్కడి టార్క్ వస్తుంది. ఆర్15కి 12.9, అంటే గరిష్ఠంలో 91 శాతం. పైవైపు టార్క్ ఎలా పడిపోతుందో ఇది చెబుతుంది. కిందివైపు, అంటే 3000 నుంచి 6000 మధ్య ఏముందో ఆర్15 బ్రోచర్ చెప్పదు. నీకు కావలసింది సరిగ్గా అదే. గ్రాఫ్‌లో గరిష్ఠ టార్క్‌కి 90 శాతం దగ్గర అడ్డగీత గీసి, ఆ గీత పైన వంపు ఎంత వెడల్పుందో చూడు. వెడల్పుంటే మాటిమాటికీ గేరు మార్చే పని తగ్గుతుంది. అన్నట్టు, పీఎస్, న్యూటన్ మీటర్లు ఒకే స్కేలు మీద గీస్తే ఆ రెండు గీతలూ 7023 దగ్గరే కలుస్తాయి. ఏ ఇంజినైనా అంతే, అది లెక్క వల్ల వచ్చేది. దాన్ని చూపించి ఇంజిన్ గొప్పదనం చెప్పేవాళ్ల మాట నమ్మకు.

గ్రాఫ్ దొరక్కపోతే టెస్ట్ రైడే దిక్కు. మీటరు కనపడేలా ఫోన్ బిగించి వీడియో పెట్టు. ఖాళీగా, తిన్నగా, చదునుగా ఉన్న రోడ్డు చూసుకో. టాప్ గేరులో 50 దగ్గర స్థిరంగా వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తెరువు, గేరు మార్చకు. 60 నుంచి 90కి ఎన్ని సెకన్లు పట్టిందో తర్వాత వీడియోలో లెక్కపెట్టు. 50లో మొదలుపెట్టమన్నది ఎందుకంటే, తెరిచిన తొలి క్షణపు తడబాటు కొలతలోకి రాకూడదు. గాలి ప్రభావం పోవడానికి అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు చేసి సగటు తియ్యి. తర్వాత వెనక ఒకర్ని కూర్చోబెట్టుకుని మళ్లీ చెయ్యి. మధ్య ఆర్‌పీఎంలలో బలం లేని బండి ఈ రెండోసారికి బయటపడుతుంది.

తేడా ఎందుకొస్తుందో కూడా తెలుసుకో, లేకపోతే తర్వాత మార్పుల పేరుతో ఉన్నది చెడగొట్టుకుంటావు. సిలిండర్‌లోకి ప్రతిసారీ ఎంత గాలి నిండితే అంత టార్క్. ఎక్కువ ఆర్‌పీఎంలో గాలి నిండడానికి సమయం చాలదు కాబట్టి వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉండేలా కామ్ (వాల్వుల్ని నొక్కి తెరిచే భాగం) తయారుచేస్తారు. అదే కామ్‌తో నెమ్మదిగా తిరిగేటప్పుడు ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది, పైకొస్తున్న పిస్టన్ లోపలికొచ్చిన గాలిలో కొంత వెనక్కి తోసేస్తుంది. ఆర్15లో 7400 దగ్గర కామ్ మారేలా పెట్టింది ఈ చిక్కు తీర్చడానికే. ఇన్‌టేక్ గొట్టం పొడవుగా సన్నగా ఉంటే మధ్య ఆర్‌పీఎంలలో గాలి బాగా నిండుతుంది, పొట్టిగా వెడల్పుగా ఉంటే పై ఆర్‌పీఎంలలో నిండుతుంది.

అందుకే సైలెన్సర్ మార్చేసి, ఎయిర్‌బాక్స్ (ఇంజిన్‌కి గాలి అందించే పెట్టె) పీకి కోన్ ఫిల్టర్ పెట్టిన బండి చాలాసార్లు మధ్యలో చచ్చుబడుతుంది. ఆ పెట్టె, ఆ గొట్టం కొలతలు కంపెనీవాళ్లు కొంత లాగుడు కోసం కూడా కుదిర్చినవే. పైగా పెట్రోలు మ్యాప్ (ఎంత పెట్రోలు పోయాలో చెప్పే కంప్యూటర్ పట్టిక) మార్చకపోతే గాలికి తగ్గ పెట్రోలు అందక మిశ్రమం పలచబడుతుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు వెనక టపటపమంటుంది. చప్పుడు పెరిగేసరికి లాగుడు కూడా పెరిగిందని చెవికి అనిపిస్తుంది. సెకన్లు కొలిచి చూడందే నమ్మకు.

లాగుడు పెంచుకోవాలంటే తక్కువ ఖర్చు దారి స్ప్రాకెట్, అంటే చైన్ తిరిగే పళ్ల చక్రం. ముందు 15, వెనక 45 పళ్లుంటే నిష్పత్తి 3. ముందు 14 చేస్తే 3.21, చక్రం దగ్గర బలం 7 శాతం పెరుగుతుంది, అదే వేగంలో ఇంజిన్ కూడా 7 శాతం ఎక్కువ తిరుగుతుంది. వెనక 48 చేసినా దాదాపు అంతే, కానీ చైన్‌కి లింకులు చాలకపోవచ్చు. ముందు చిన్నది పెడితే చైన్ ఎక్కువ వంగి, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీది స్లయిడర్‌ని రాసుకుంటూ తొందరగా అరుగుతుంది. స్పీడ్ సెన్సర్ గేర్‌బాక్స్ దగ్గరుంటే మీటరు 7 శాతం ఎక్కువ చూపిస్తుంది. మార్చాక చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల చైన్ ఆట కొలిచి, అన్నిటికంటే బిగుతుగా ఉన్నచోట మాన్యువల్ చెప్పిన కొలతకి సరిచెయ్యి.

మధ్యలో లాగే బండి కదా అని ముక్కించొద్దు. టాప్ గేరులో 2000 దగ్గర ఎత్తు ఎక్కిస్తూ పూర్తిగా తిప్పితే ముందు చైన్ టకటకమంటుంది, తర్వాత ట్యాంకు కింద డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు సన్నటి చప్పుడు వస్తుంది. అది నాకింగ్. వెంటనే యాక్సిలరేటర్ తగ్గించి గేరు దించు. అలా వదిలేస్తే పిస్టన్‌కి, బేరింగులకి దెబ్బ.

పాత బండి చూస్తున్నావంటే క్లచ్ తప్పకుండా చూడు. ఇంజిన్ బాగా వేడెక్కాక టాప్ గేరులో, గరిష్ఠ టార్క్ వచ్చే ఆర్‌పీఎంకి కాస్త కిందనుంచి పూర్తిగా తెరువు. సూది ఎగిరి వేగం పెరక్కపోతే క్లచ్ జారుతోంది. ముందు లీవర్ ఆట చూడు, కొస దగ్గర మాన్యువల్ చెప్పినంత లేకపోతే కేబుల్ సర్ది మళ్లీ చూడు. అప్పటికీ జారితే ప్లేట్లు అయిపోయినట్టే, ధర మాట్లాడేటప్పుడు అది లెక్కలో పెట్టు.

రెండు బండ్ల సెకన్లూ, టాప్ గేరులో 60 దగ్గర, 80 దగ్గర సూది ఉన్న చోటూ రాసి పంపు. చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
బాబాయ్